యాక్సెస్ పట్టికలో వెన్న శాతం సున్నాగా కనిపిస్తోంది: దశాంశాలను శాతాలుగా చూపడం ఎలా?

పాలలెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఊరి పాల సేకరణ కేంద్రంలో రెండు పూటలా పాలు పోసే 62 మంది రైతుల లెక్కలను ఇన్నాళ్లూ పుస్తకంలోనే రాస్తూ వచ్చాము. రెండు నెలలుగా ఆ లెక్కలను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేసు ప్రోగ్రాములోకి ఎక్కిస్తున్నాను. పట్టికలో రైతు సంఖ్య, తేదీ, పూట, పాల తూకం, వెన్న శాతం, దాణా రాయితీ శాతం అనే ఫీల్డులు ఉన్నాయి. చివరి రెండింటికీ డేటా రకం నంబర్ అని, ఫార్మాట్ పర్సెంట్ అని పెట్టాను.

చిక్కు ఇక్కడే వచ్చింది. పాలు పరీక్షించే యంత్రం ఇచ్చిన చీటీలో 6.2 అని ఉంటే, నేను పట్టికలో 6.2% అని కొట్టి ఎంటర్ నొక్కగానే అది 0.00% అయిపోతోంది. 7.4 అయినా, 3.9 అయినా అంతే. దాణా రాయితీ ఫీల్డులో ఇంకా విచిత్రంగా ఉంది: 75% అని కొడితే 100.00% అవుతోంది, 25% అని కొడితే 0.00% అవుతోంది. పర్సెంట్ ఫార్మాట్ తీసేసి ఉత్త 6.2 కొట్టి చూశాను, 6 అని మాత్రమే నిలిచింది.

చివరికి ఫీల్డును టెక్స్ట్ రకానికి మార్చి 6.2% అని రాస్తే కంటికి సరిగ్గానే కనిపించింది, కానీ ఇప్పుడు కూడికలు, సగటులు రావడం లేదు. పైగా ఎక్కువ వెన్న నుంచి తక్కువ వెన్నకు వరుస పెడితే 10.2% ఉన్న గేదెపాలు అట్టడుగుకు పోతున్నాయి. రైతుకు డబ్బు వచ్చేది వెన్నను బట్టే కాబట్టి ఈ ఒక్క ఫీల్డు తప్పితే పట్టిక మొత్తం పనికిరాకుండా పోతుంది. నిల్వలో లెక్కకు పనికొచ్చే సంఖ్య ఉండాలి, తెర మీదా చీటీ మీదా 6.2% అని కనిపించాలి. దీనికి సరైన పద్ధతి ఏమిటో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పట్టికలమనిషి

నమస్కారమండీ. మీ చిక్కంతా ఫీల్డ్ సైజ్ దగ్గర ఉంది. యాక్సెస్‌లో నంబర్ రకం ఫీల్డును కొత్తగా చేర్చినప్పుడు, మనం మార్చకపోతే దాని ఫీల్డ్ సైజ్ లాంగ్ ఇంటీజర్‌గా ఉంటుంది, అంటే అందులో పూర్ణాంకాలు మాత్రమే నిలుస్తాయి. మీరు 6.2% అని కొట్టగానే యాక్సెస్ ముందుగా దాన్ని 100తో భాగించి 0.062 చేసుకుంటుంది. ఆ 0.062 పూర్ణాంకాల గడిలో పట్టదు కనుక దగ్గరి పూర్ణాంకమైన 0కు సవరిస్తుంది. ఆ తరువాత పర్సెంట్ ఫార్మాట్ ఆ సున్నానే 100తో హెచ్చించి 0.00% అని చూపుతుంది. మీ దాణా రాయితీ ఫీల్డులో జరిగిందీ ఇదే: 0.75కు దగ్గరి పూర్ణాంకం 1 కాబట్టి 100.00% అయింది, 0.25కు దగ్గరిది 0 కాబట్టి 0.00% అయింది.

పట్టికను డిజైన్ వ్యూలో తెరిచి, ఆ ఫీల్డు మీద కర్సర్ ఉంచి, కింద కనిపించే ఫీల్డ్ సైజ్‌ను డెసిమల్‌కు మార్చండి. ఇక్కడ చాలామంది రెండోసారి పడతారు: డెసిమల్ ఎంచుకోగానే యాక్సెస్ ప్రెసిషన్‌ను (మొత్తం అంకెల సంఖ్యను) 18గా, స్కేల్‌ను 0గా పెడుతుంది. స్కేల్ అంటే దశాంశ బిందువు తరువాత ఎన్ని అంకెలు నిలవాలి అన్నది, కాబట్టి అది 0గా ఉన్నంతకాలం మీకు మళ్లీ అదే 0.00% కనిపిస్తుంది. స్కేల్‌ను 4 చేయండి. 0.0625 వంటి విలువ పూర్తిగా నిలుస్తుంది, అంటే 6.25% వరకు మీకు ఖచ్చితత్వం దొరుకుతుంది. ఫార్మాట్ పర్సెంట్‌గానే ఉంచి, డెసిమల్ ప్లేసెస్ 1 అని పెడితే తెర మీద 6.2% అని కనిపిస్తుంది.

ఫీల్డ్ సైజ్‌లో డబుల్ ఎంచుకున్నా పైకి పని జరుగుతుంది, కానీ నేను సలహా ఇవ్వను. డబుల్ విలువలను రెండు ఆధారంగా ఉన్న సంఖ్యామానంలో దాస్తుంది, అందులో 0.1 లాంటి మామూలు దశాంశం కూడా సరిగ్గా ఇమడదు. 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అని అడిగితే కాదనే జవాబు వస్తుంది. డబ్బు ముడిపడిన చోట ఆ అనుమానం మనకెందుకు? డెసిమల్ నచ్చకపోతే డేటా రకాన్నే కరెన్సీగా మార్చవచ్చు. పేరు చూసి రూపాయలకే అనుకోనక్కర్లేదు, అది దశాంశం తరువాత నాలుగు అంకెలను ఖచ్చితంగా దాచే రకం, దానికీ పర్సెంట్ ఫార్మాట్ పెట్టుకోవచ్చు. చిన్న పట్టికల్లో నేను ఎక్కువగా వాడేది అదే.

ఒక విషయం ముందే చెప్పడం నా బాధ్యత. ఫీల్డ్ సైజ్ మార్చగానే పాత వరుసల్లోని 6.2% తిరిగి వస్తుందని ఆశించకండి. లాంగ్ ఇంటీజర్‌గా ఉన్నప్పుడు మీరు ఎక్కించిన ప్రతి వెన్న శాతమూ నిల్వలోనే 0 అయిపోయింది, చూపులో మాత్రమే కాదు. ఆ వరుసలను యంత్రం చీటీల నుంచో పాత పుస్తకం నుంచో మళ్లీ నింపుకోవలసిందే. కాబట్టి చీటీలను పారేయకండి. టెక్స్ట్ రకానికి మార్చాక ఎక్కించిన వరుసలు మాత్రం బతికే ఉన్నాయి: కొత్త ఫీల్డు ఒకటి చేర్చి, అప్‌డేట్ క్వెరీలో (అన్ని వరుసలనూ ఒకేసారి మార్చే ఆదేశంలో) శాతం గుర్తును తొలగించి, మిగిలిన దాన్ని సంఖ్యగా మార్చి, 100తో భాగించి అందులో వేసుకోండి.

క్వెరీల్లో శాతంగా చూపాలంటే ఆ నిలువు వరుస ప్రాపర్టీ షీట్‌లోని ఫార్మాట్ దగ్గర పర్సెంట్ పెట్టండి. ఫార్మాట్ పేరుతోనే ఒక ఫంక్షన్ కూడా ఉంది, దాన్ని క్వెరీలో వాడితే బయటికి వచ్చేది సంఖ్య కాదు, అక్షరాల దండ. అప్పుడు 10.2% మొదటి అక్షరం 1, 9.8% మొదటి అక్షరం 9 కాబట్టి పది తొమ్మిది కంటే చిన్నదైపోతుంది. మీ టెక్స్ట్ ఫీల్డులో వరుస తప్పింది కూడా ఈ కారణంతోనే.

పాలలెక్కలు

పట్టికలమనిషి గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే డెసిమల్ పెట్టి, స్కేల్ 4 చేశాను. 6.2% అని కొడితే 6.2% అనే నిలిచింది. అదృష్టవశాత్తూ చీటీలన్నీ సంచిలో కట్టి ఉంచాము, నిన్న రాత్రి కూర్చుని పదకొండు రోజులవి మళ్లీ నింపాను.

అయితే ఇంకొక తేడా కనిపించింది. నిన్న ఉదయం పూట గేదెపాలు మొత్తం 400 కిలోలు, వెన్న 7.0 శాతం, ఆవుపాలు 100 కిలోలు, వెన్న 4.0 శాతం. ఈ రెండు మొత్తాల నుంచి కేంద్రం వెన్న శాతాన్ని రిపోర్టులో యావరేజ్ ఫంక్షన్‌తో తీస్తే 5.5% వచ్చింది. అవే పాలను కలిపి శీతలీకరణ కేంద్రానికి పంపితే అక్కడ పరీక్షలో 6.4 వచ్చింది. ఫార్మాట్ పర్సెంట్ పెట్టడం వల్ల సగటు చెడిందా?

వెన్నకాటా

నమస్కారం. నేను పదేళ్లకు పైగా పాల శీతలీకరణ కేంద్రంలో లెక్కలు చూశాను కనుక ఈ 0.9 తేడా నాకు బాగా పరిచయం. ఫార్మాట్ ఏ విలువనూ మార్చదు. తప్పు సగటు తీసిన తీరులో ఉంది. యావరేజ్ ఫంక్షన్ 7.0ను, 4.0ను కలిపి రెండుతో భాగించింది, దాని దృష్టిలో 400 కిలోల పాలూ 100 కిలోల పాలూ సమానమే. శాతాల సగటు ఎప్పుడూ తూకాన్ని బట్టి తీయాలి. 400 కిలోల్లో 7 శాతం అంటే 28 కిలోల వెన్న, 100 కిలోల్లో 4 శాతం అంటే 4 కిలోలు, మొత్తం 32 కిలోలు. దాన్ని 500తో భాగిస్తే 0.064, అంటే శీతలీకరణ కేంద్రం చెప్పిన 6.4 శాతమే. మీ 5.5 లెక్కన వెన్న 27.5 కిలోలు మాత్రమే అవుతుంది. ఒక్క పూటకు నాలుగున్నర కిలోల వెన్న కాగితం మీద మాయమైందన్న మాట. నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటి తేడా ఒకటి వస్తే ఎవరో పాలలో నీళ్లు కలిపారని ఒక గుమస్తాను నెలరోజులు అనుమానించారు. అతని తప్పేమీ లేదు, తప్పంతా సగటుదే. అందుకే ఈ విషయం ఇంత నొక్కి చెబుతున్నాను.

క్వెరీలో ప్రతి వరుసకు తూకాన్ని వెన్నతో హెచ్చించండి, ఆ లబ్ధాలన్నీ కూడండి, తూకాల మొత్తంతో భాగించండి, ఆ ఫలితానికి మాత్రమే పర్సెంట్ ఫార్మాట్ పెట్టండి. మీరు లీటర్లలో కొలిచే రోజులుంటే ముందు కిలోలకు మార్చుకోండి, లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి.

నిల్వ విషయంలో మాత్రం పట్టికలమనిషి గారితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. వెన్నను 0.062గా కాక, యంత్రం ఇచ్చినట్టే 6.2గా దాచడం మేలని నా అనుభవం. యంత్రం చీటీ మీద 6.2 అని ఉంటుంది, గోడ మీది రేటు చార్టులో 6.2 అని ఉంటుంది, రైతు నోట కూడా ‘ఆరు రెండు’ అనే వస్తుంది. పట్టిక తెరిచి చీటీతో సరిచూసేవారికి మధ్యలో వందతో భాగింపు అడ్డురాకూడదు. అలా దాచినప్పుడు పర్సెంట్ ఫార్మాట్ పెట్టకూడదు, పెడితే 620.00% అవుతుంది. ఫార్మాట్ గడిలో 0.0\% అని రాయండి. శాతం గుర్తుకు ముందున్న ఆ ఏటవాలు గీత వల్ల అది కేవలం గుర్తుగా కనిపిస్తుంది, హెచ్చవేత జరగదు. వెన్న మొత్తం కట్టేటప్పుడు 100తో భాగించడం మరచిపోకూడదు, అంతే.

మరొకటి. సేకరణలో హద్దులు పెట్టుకునే చోట గుండ్రం చేసిన విలువతో పోల్చకండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆవుపాలకు కనీసం 3.2 శాతం వెన్న, 8.3 శాతం వెన్నేతర ఘనపదార్థాలు ఉండాలని నిర్ణయించింది. పట్టికలో 3.18 ఉండి, డెసిమల్ ప్లేసెస్ 1గా ఉంటే తెర మీద 3.2% అని కనిపిస్తుంది, క్వెరీ మాత్రం ఆ పాలు హద్దుకు తక్కువని చెబుతుంది. రైతుకు చీటీలో 3.2 అని చూపించి పాలు తిప్పి పంపితే అతను అడిగే ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. హద్దు దగ్గరి విలువలకు రెండు దశాంశాలు చూపడమే న్యాయం.

పట్టికలమనిషి

వెన్నకాటా గారి మాట సబబుగానే ఉంది, వెన్న విషయంలో నా సలహాను సవరించుకుంటున్నాను. కొలిచే పరికరమే నూటికి ఇంత అని చెప్పే విలువలను అలాగే దాచడం మంచిది. దాణా రాయితీ మాత్రం 0.75గానే ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే అది ప్రతిసారీ రూపాయలతో హెచ్చించడానికే పుట్టిన సంఖ్య. ఏది ఎంచుకున్నా ఒకే ఫీల్డులో కొన్ని వరుసలు 6.2గా, కొన్ని 0.062గా చేరడాన్ని మాత్రం ఎలాగైనా ఆపాలి. మీరు ఇప్పటికే పదకొండు రోజులు భిన్నాల్లో నింపారు కాబట్టి, మారదలిస్తే ముందు స్కేల్, ప్రెసిషన్ అలాగే ఉంచి, ఒక్క అప్‌డేట్ క్వెరీతో అన్నిటినీ 100తో హెచ్చించి, వెంటనే వ్యాలిడేషన్ రూల్‌లో విలువ 2కు 15కు మధ్య ఉండాలని పెట్టండి. 0.062 అని ఎవరు ఎక్కించబోయినా యాక్సెస్ ఒప్పుకోదు.

ఫీల్డు పేరులోనే కొలమానం ఉండేలా చూడండి: వెన్న_నూటికి, రాయితీ_భిన్నం అన్నట్టుగా. రైతులకు ఇచ్చే అడ్వాన్సుల మీద వడ్డీ కూడా ఈ పట్టికలోకి వస్తే ఇది మరీ ముఖ్యం. మన ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే శాతం ఏడాదిది. వడ్డీ అనే ఫీల్డులో 0.02 అని మాత్రమే ఉంటే అది నెలదో ఏడాదిదో ఏ ఫార్మాటూ చెప్పలేదు.

సర్వర్‌గది

ఈ చర్చ చదివి, యాక్సెస్ దాటి పెద్ద డేటాబేసులకు వెళ్లేవారి కోసం కొన్ని మాటలు చేరుస్తున్నాను, ఎందుకంటే అక్కడ ఇదే సున్నా వేరే దారిలో వస్తుంది. 60 మంది సభ్యుల్లో ఈరోజు 45 మంది పాలు పోశారనుకుందాం. యాక్సెస్‌లో 45ను 60తో భాగిస్తే 0.75 వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ, ఒరాకిల్‌లోనూ అంతే. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్‌లలో మాత్రం రెండూ పూర్ణాంకాలైతే ఫలితం కూడా పూర్ణాంకమే, అంటే 0. తరువాత దాన్ని 100తో హెచ్చించినా సున్నాయే. లవాన్ని ముందుగా 100.0తో హెచ్చించి ఆపైన భాగిస్తే 75 వస్తుంది. హారం సున్నా అయ్యే రోజు ఉంటే, అంటే కేంద్రం మూసిన రోజుకు పాలు పోయవలసినవారి సంఖ్యను 0 అని రాస్తే, నల్‌ఇఫ్ ఫంక్షన్‌తో ఆ సున్నాను నల్‌గా (విలువ లేదు అని) మార్చండి. అప్పుడు శాతం గడి ఖాళీగా ఉంటుంది, అదే నిజం కూడా. ఎవరూ రాలేదనడమూ కేంద్రమే తెరవలేదనడమూ ఒకటి కావు.

నిల్వకు డెసిమల్ రకం పెట్టేటప్పుడు మొత్తం అంకెలు నాలుగు, దశాంశంలో నాలుగు అని ఇస్తే గరిష్ఠంగా 0.9999 మాత్రమే పడుతుంది, 100 శాతం పట్టదు. మొత్తం ఐదు, దశాంశంలో నాలుగు అని ఇవ్వాలి. పన్ను రేట్లు దాచే పట్టికలో అదీ చాలకపోవచ్చు. జీఎస్టీలో సానబెట్టని వజ్రాలకు 0.25 శాతం రేటు ఉంది, దాన్ని కేంద్రానికీ రాష్ట్రానికీ సగం సగం పంచితే 0.125 శాతం, భిన్నంగా 0.00125. నాలుగు దశాంశాల గడిలో ఇది 0.0013 అయిపోతుంది. రేటు పక్కనే అది ఏ తేదీ నుంచి వర్తిస్తుందో కూడా దాచుకోండి. నెయ్యి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత బిల్లును ఈరోజు మళ్లీ ముద్రిస్తే అందులో 12 శాతమే రావాలి.

గుండ్రం చేయడంలోనూ తేడాలున్నాయి. యాక్సెస్‌లోని రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి అంకె వైపు వెళుతుంది, కాబట్టి 6.25ను ఒక దశాంశానికి కుదిస్తే 6.2 ఇస్తుంది. అదే 6.25ను ఫార్మాట్‌తో ఒక దశాంశానికి చూపితే 6.3 కనిపిస్తుంది. డెసిమల్ విలువల మీద ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌లలోని రౌండ్ కూడా 6.3 అనే అంటుంది. ఒకే రిపోర్టులో ఒక చోట రౌండ్, మరో చోట ఫార్మాట్ వాడితే ఒకే రైతుకు రెండు వెన్న శాతాలు కనిపిస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 నుంచి ఫార్మాట్ ఫంక్షన్ ఉంది, శాతం గుర్తుతో సహా ఇస్తుంది, కానీ అక్కడా వచ్చేది అక్షరాల దండే, లక్షల వరుసల మీద చాలా నెమ్మదిగా నడుస్తుంది. గుర్తు చేర్చే పనిని రిపోర్టుకు వదిలేసి, డేటాబేసు నుంచి సంఖ్యను సంఖ్యగానే పంపడం నాకు ఎప్పుడూ మేలనిపించింది.

ఎక్సెల్ నుంచి తెచ్చుకునేవారు ఒకటి గమనించండి. ఎక్సెల్ గడిలో 6.2% అని కనిపించినా లోపల 0.062 ఉంటుంది, కానీ ఆ షీటును సీఎస్‌వీగా (విలువలను కామాలతో విడదీసే ఉత్త అక్షరాల ఫైలుగా) భద్రపరిస్తే ఫైలులోకి వెళ్లేది కంటికి కనిపించే 6.2% అనే అక్షరాలే. అక్కడ ఒక దశాంశానికి చూపిస్తూ ఉంటే రెండో దశాంశం ఫైలులోకి రానే రాదు. ముందు ఆ నిలువు వరుసకు జనరల్ ఫార్మాట్ పెట్టి ఆ తరువాత భద్రపరచండి.

పాలలెక్కలు

అందరికీ మనసారా ధన్యవాదాలు. వెన్నను 6.2గానే దాచి, ఫార్మాట్‌లో 0.0\% పెట్టాను, రాయితీని భిన్నంగా ఉంచాను, రెండు ఫీల్డుల పేర్లూ మార్చాను. వ్యాలిడేషన్ రూల్ పెట్టిన గంటలోనే నేను మరచిపోయి కొట్టిన ఒక 62ను అది ఆపింది. హద్దు దగ్గరి ఆవుపాలకు చీటీ మీద రెండు దశాంశాలు వచ్చేలా చేశాను. తూకాన్ని బట్టి తీసిన సగటు నిన్న సాయంత్రం పూటకు 6.3 వచ్చింది, ఈ ఉదయం శీతలీకరణ కేంద్రం నుంచి వచ్చిన కాగితంలో కూడా 6.3 అనే ఉంది. సంచిలో ఇంకా తొమ్మిది రోజుల చీటీలు మిగిలాయి, ఆదివారం లోపు వాటినీ ఎక్కించి ఈ పక్షం బిల్లును కొత్త పట్టిక నుంచే ఇస్తాను.